పదకొండో తరగతిలోనే కాలేజీ ఇంగ్లీషు, లెక్కల సన్నద్ధత: కాలిఫోర్నియాలో ఏ కొలమానం ఏ పిల్లలకు

కాలిఫోర్నియాలో పదకొండో తరగతి ముగించిన పిల్లల ఇళ్లకు వేసవిలో రాష్ట్ర పరీక్షల స్కోరు రిపోర్టు వస్తుంది. ఫ్రీమాంట్, శాన్ రమోన్, కూపర్టినో ప్రాంతాల్లోని మన తెలుగు ఇళ్లలో ఆ రిపోర్టును పట్టించుకునేవారు తక్కువ. శాట్ ఎంత వచ్చింది, జీపీఏ ఎంత, ఏపీలు ఎన్ని తీసుకున్నాడు (ఇక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి కోర్సు) అన్న మూడు ప్రశ్నల సందడిలో అది పోర్టల్‌లో తెరవకుండానే ఉండిపోతుంది. కానీ పిల్లవాడు కాలేజీ మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లీషు వ్యాసం సొంతంగా రాయగలడా, లెక్కల క్లాసులో నిలదొక్కుకోగలడా అని సూటిగా అడిగే కొలమానాలు ఉన్నవే కొన్ని, వాటిలో అదొకటి. దానికి డబ్బు కట్టనక్కర్లేదు, పైగా లోటు తెలిసినా సరిచేసుకోవడానికి ఇంకా ఒక విద్యాసంవత్సరం చేతిలో ఉంటుంది.

అలాగని మిగతా కొలమానాలు దండగ అని కాదు. పీశాట్ (శాట్‌కు ముందు రాసే నమూనా పరీక్ష), శాట్, ఏపీ పరీక్షలు, హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీలో తీసుకునే కోర్సులు, ఏ స్థాయి కోర్సులో కూర్చోబెట్టాలో తేల్చడానికి యూనివర్సిటీలు పెట్టే గణిత ప్లేస్‌మెంట్ పరీక్షలు ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతాయి. ఒకదాని జవాబును ఇంకోదానికి అతికించుకోవడం వల్లనే తల్లిదండ్రులు పొరబడుతున్నారు. ఇంగ్లీషు విషయంలో పిల్లల చేత నిజంగా రాయించే పరీక్షను నమ్మాలనీ, లెక్కల విషయంలో చేతిలోని క్యాలిక్యులేటర్ తీసేసి అడిగే పరీక్షను నమ్మాలనీ నా అభిప్రాయం. కిందనున్న పోలికంతా ఆ రెండు గీటురాళ్ల మీదనే నడుస్తుంది.

సీటు రావడం వేరు, సిద్ధంగా ఉండడం వేరు

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) పాలకమండలి సభ్యులైన రీజెంట్లు 2020 మేలో శాట్, ఏసీటీ స్కోర్లను ప్రవేశాల నుంచి తొలగించే దారి పట్టారు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ (సీఎస్‌యూ) 2022 మార్చిలో అదే నిర్ణయం తీసుకుంది. అప్పటినుంచి ఈ రెండు వ్యవస్థల్లో సీటును నిర్ణయించే వాటిలో హైస్కూలు కోర్సులకూ గ్రేడ్లకూ ప్రాధాన్యం మరింత పెరిగింది. గ్రేడు బాగుంటే సన్నద్ధత కూడా ఉన్నట్టే అనుకోవడం సహజమే. అయితే యూసీ శాన్ డియాగోలో అధ్యాపకులూ పరిపాలనా వర్గమూ కలిసిన బృందం 2025 నవంబరులో ఇచ్చిన నివేదిక ఆ నమ్మకాన్ని గట్టిగా కుదిపింది. కొత్తగా చేరిన వారిలో సుమారు ఎనిమిది మందిలో ఒకరి గణితం హైస్కూలు స్థాయికన్నా దిగువన ఉందని ఆ బృందం తేల్చింది. ఆ లోటు పూడ్చడానికి పెట్టిన ప్రాథమిక కోర్సులో కూర్చున్నవారిలో హైస్కూలు లెక్కల్లో 4.0 సగటు తెచ్చుకున్నవాళ్లు కూడా గణనీయంగా ఉన్నారు.

గ్రేడ్లు అబద్ధం చెబుతున్నాయని నేను అనను. నాలుగేళ్లపాటు హోంవర్కు వేళకు ఇవ్వడం, టీచర్ చెప్పింది చెప్పినట్టు చేయడం, ఒక పరీక్షలో తప్పినా మరోదాంట్లో నిలదొక్కుకోవడం వంటి లక్షణాలను గ్రేడు బాగానే పట్టుకుంటుంది, కాలేజీలో అవి కూడా అవసరమే. కానీ ఒక స్కూలు 'ఏ' గ్రేడుకూ మరో స్కూలు 'ఏ' గ్రేడుకూ మధ్య ఎంత దూరం ఉందో ట్రాన్‌స్క్రిప్టు చెప్పదు. అందుకని బయటి కొలమానం ఏదో ఒకటి కావలసిందే.

రాష్ట్ర పరీక్ష: ఇంగ్లీషుకు మొదటి సంకేతం

2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో సీఎస్‌యూలో చేరే మొదటి సంవత్సరం విద్యార్థుల్లో సగానికి పైగా ఇంగ్లీషులోనో లెక్కల్లోనో, కొందరు రెండింటిలోనూ, లోటు పూడ్చే రెమిడియల్ క్లాసులకు వెళ్లవలసి వచ్చేది. వాళ్లందరూ హైస్కూల్లో మంచి గ్రేడ్లతో సీటు తెచ్చుకున్నవాళ్లే. సీటు వచ్చాక ప్లేస్‌మెంట్ పరీక్ష రాసి, అందులో తప్పి, డిగ్రీకి క్రెడిట్ రాని క్లాసుకు డబ్బు కట్టి కూర్చునేవారు. ఆ కబురు కాలేజీ గుమ్మంలో కాకుండా పదకొండో తరగతిలోనే చెబితే పన్నెండో తరగతిని సద్వినియోగం చేసుకోవచ్చన్న ఆలోచనతో సీఎస్‌యూ, రాష్ట్ర విద్యా మండలి, రాష్ట్ర విద్యాశాఖ కలిసి 2004లో ఎర్లీ అసెస్‌మెంట్ ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టాయి. మొదట్లో రాష్ట్ర పరీక్షకు కొన్ని అదనపు ప్రశ్నలూ ఒక వ్యాసమూ చేర్చి నడిపారు. 2015 నుంచి ఇప్పటి రాష్ట్ర పరీక్ష అయిన స్మార్టర్ బ్యాలెన్స్‌డే ఆ పని చేస్తోంది.

ఈ పరీక్షలో ఫలితం నాలుగు అంచెల్లో వస్తుంది. ఇంగ్లీషులో 2682, లెక్కల్లో 2718 లేదా ఆపైన వస్తే అన్నిటికన్నా పై అంచె, అంటే కాలేజీ కోర్సుకు సిద్ధం. ఇంగ్లీషులో 2583, లెక్కల్లో 2628 నుంచి మొదలయ్యే, పైనుంచి రెండో అంచెకు షరతుతో కూడిన సన్నద్ధత అని అర్థం; అంటే పన్నెండో తరగతిలో ఆమోదం పొందిన ఇంగ్లీషు కోర్సు, లెక్కల కోర్సు తీసుకుని సరిపడా గ్రేడు తెచ్చుకుంటే సిద్ధమైనట్టే లెక్క. కింది రెండు అంచెల్లో ఉన్నవారికి ఇంకా పని మిగిలి ఉందని అర్థం.

ఇంగ్లీషు విషయంలో ఈ పరీక్షను నేను ఎక్కువగా నమ్మడానికి కారణం అందులోని పెర్ఫార్మెన్స్ టాస్క్. ఒకే విషయం మీద రెండు మూడు వ్యాసాలు ఇచ్చి, వాటిని చదివి, వాటిలోని ఆధారాలతో సొంతంగా ఒక పూర్తి వ్యాసం రాయమంటుంది. కాలేజీ మొదటి ఇంగ్లీషు కోర్సు అడిగేదీ అదే. మనం ఇంట్లో కూడా దీన్ని చేసి చూడవచ్చు. పిల్లల ఫోన్ల మీద స్కూళ్లలో నిషేధం వంటి ఒక అంశం మీద, ఒకదానితో ఒకటి విభేదించే రెండు వార్తాపత్రిక వ్యాసాలు ముద్రించి ఇచ్చి, నలభై ఐదు నిమిషాల్లో చేత్తో రాయమనండి. మా బంధువుల అమ్మాయి, ఇక్కడే పుట్టి ఇంగ్లీషు గలగలా మాట్లాడే పిల్ల, రాసింది చూస్తే మొదటి పేరా మొదటి వ్యాసానికి సారాంశం, రెండో పేరా రెండో వ్యాసానికి సారాంశం, మూడోది "నా ఉద్దేశంలో ఇద్దరూ కొంతవరకు నిజమే". రెండు వాదనలూ ఒకదానికొకటి ఎక్కడ తగులుతున్నాయో ఒక్క వాక్యం లేదు. స్కూలు ఇంగ్లీషులో ఆ అమ్మాయికి 'ఏ' గ్రేడే. ఉచ్చారణ బాగున్నంత మాత్రాన ఈ పని వచ్చినట్టు కాదని మనవాళ్లు, ముఖ్యంగా మన యాసను చూసి పిల్లలు నవ్వితే మురిసిపోయే తల్లిదండ్రులు, గుర్తించవలసి ఉంది.

రాష్ట్ర పరీక్షకు పరిమితులు కూడా ఉన్నాయి. యూసీ దీన్ని ప్రవేశాల్లో పరిగణించదు. 2017లో సీఎస్‌యూ ఛాన్సలర్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2018 నుంచి అక్కడ ప్లేస్‌మెంట్ పరీక్షలూ, క్రెడిట్ రాని రెమిడియల్ క్లాసులూ రద్దయ్యాయి. ఇప్పుడు గ్రేడ్లు, కోర్సులు, పరీక్ష స్కోర్లు అన్నీ కలిపి చూసి, అవసరమైన వారికి క్రెడిట్ ఉన్న కోర్సుతోపాటు అదనపు సాయం జోడిస్తారు, కొందరిని చేరకముందు వేసవిలోనే ఎర్లీ స్టార్ట్ తరగతికి రమ్మంటారు. అందువల్ల తక్కువ స్కోరుకు ఒకప్పుడు ఉన్న శిక్ష ఇప్పుడు లేదు. అయినా పిల్లవాడి లోటు లోటుగానే ఉంటుంది కనుక స్కోరు చూడకపోవడానికి అది సాకు కాకూడదు.

ఏప్రిల్, మే నెలల్లో ఏపీ పరీక్షల ఒత్తిడి ఉంటుందని, పిల్లవాడిని రాష్ట్ర పరీక్ష నుంచి మినహాయించమని లేఖ రాసి ఇచ్చే తల్లిదండ్రులు మనలోనూ ఉన్నారు. చట్టం ఆ హక్కు ఇస్తోంది. కానీ పిల్లవాడు పదకొండో తరగతిలో ఏపీ ఇంగ్లీషు రాయకపోతే ఆ లేఖ ఇవ్వవద్దనే నా సలహా, ఎందుకంటే అతనికి రాత ఎంతవరకు వచ్చునో బయటివాళ్లు చూసి చెప్పే అవకాశం అదొక్కటే.

శాట్: ఒకే పరీక్షకు రెండు గీతలు

శాట్ నిర్వహించే కాలేజ్ బోర్డు తన కాలేజీ సన్నద్ధత గీతను ఇంగ్లీషు విభాగంలో 480 దగ్గర, లెక్కల్లో 530 దగ్గర గీసింది. ఆ స్కోరు వచ్చిన విద్యార్థికి మొదటి సెమిస్టర్ కోర్సులో కనీసం సి గ్రేడు వచ్చే అవకాశం 75 శాతం అని దాని భావం. అంటే అదే స్కోరు వచ్చిన నలుగురిలో ఒకరికి సి కూడా రాకపోవచ్చు. సీఎస్‌యూ మాత్రం తన కోర్సులకు సిద్ధమనడానికి ఇంగ్లీషులో 550, లెక్కల్లో 570 గీత పెట్టుకుంది. లెక్కల్లో 540 వచ్చిన పిల్లవాడు ఒక రిపోర్టు ప్రకారం సిద్ధం, ఇంకో చోట కాదు. మన ఇళ్లలో 1500 దాటకపోతే అసలు స్కోరే కాదన్నట్టు మాట్లాడుకుంటాం కాబట్టి ఈ గీతలు మనకు సంబంధించినవి కావని అనిపించవచ్చు. కానీ మొత్తం 1250 వచ్చిన పిల్లల్లో లెక్కలు 720, ఇంగ్లీషు 530 ఉన్నవాళ్లు మనలో తక్కువేమీ కాదు, ఆ మొత్తం అంకె వెనక దాక్కున్న 530ని ఎవరూ పట్టించుకోరు.

2024 నుంచి అమెరికాలో శాట్ పూర్తిగా కంప్యూటర్ మీదకు వచ్చింది. ఇంగ్లీషులో ఒక్కో ప్రశ్నకు ఒక చిన్న పేరా మాత్రమే ఉంటుంది, వ్యాసం రాసే భాగాన్ని 2021లోనే తీసేశారు. లెక్కల విభాగమంతటా డెస్మోస్ గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ తెర మీదే దొరుకుతుంది. సమీకరణాన్ని సాధించడం రాకపోయినా గీత గీయించి అది ఎక్కడ ఖండిస్తోందో చూసి జవాబు పెట్టేయవచ్చు, కోచింగుల్లో నేర్పేదీ అదే. కనుక నేను పైన చెప్పిన రెండు గీటురాళ్ల మీదా శాట్ పూర్తిగా నిలవదు. కాలిఫోర్నియా బయటి యూనివర్సిటీలకు దరఖాస్తు చేసేవారికి దాని అవసరం ఉంది, స్కాలర్‌షిప్పులకూ పనికొస్తుంది. సన్నద్ధత తెలుసుకోవడానికే అయితే 68 డాలర్లు కట్టి రాయవలసిన పని లేదు.

దానికి బదులు పదో తరగతి అక్టోబరులో చాలా స్కూళ్లు పెట్టే పీశాట్ మేలు. పదో తరగతికి ఇంగ్లీషులో 430, లెక్కల్లో 480; పదకొండో తరగతికి 460, 510 అని దాని గీతలు కూడా ఏడాదికి తగ్గట్టు ఉంటాయి. నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్ కటాఫ్ దాటలేదని ఆ రిపోర్టును పక్కన పడేయకుండా, ఏ అంశంలో తప్పులు ఎక్కువున్నాయో చూస్తే అన్నిటికన్నా ముందుగా అందే హెచ్చరిక అదే అవుతుంది.

ఏపీ కోర్సు, కమ్యూనిటీ కాలేజీ కోర్సు

పదకొండో తరగతిలో తీసుకునే ఏపీ ఇంగ్లీష్ లాంగ్వేజ్ పరీక్షలో మూడు వ్యాసాలు రాయాలి. అందులో ఒకటి ఇచ్చిన ఆధారాలను కలిపి వాదన నిర్మించేది. అందులో 3 తెచ్చుకుంటే సీఎస్‌యూ, యూసీ రెండూ ఏదో ఒక రూపంలో గుర్తిస్తాయి. ఆ కోర్సు తీసుకోగలిగిన పిల్లలకు ఇంగ్లీషులో ఇంతకన్నా నమ్మదగిన కొలమానం లేదు. ఫలితం జులైలో వస్తుంది. లెక్కల్లో ఏపీ కాల్కులస్ కూడా అంతే గట్టిది, కానీ దాన్ని చాలామంది పన్నెండో తరగతిలో రాస్తారు కనుక ఫలితం వచ్చేసరికి హైస్కూలు అయిపోయి ఉంటుంది. ముందస్తు హెచ్చరికగా అది పనికిరాదు.

కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్, అంటే హైస్కూల్లో ఉండగానే అక్కడ కోర్సు తీసుకోవడం, వేరే జాతిది. అది పరీక్ష కాదు, కాలేజీ కోర్సే. 2017 నాటి ఏబీ 705, 2022 నాటి ఏబీ 1705 చట్టాల తర్వాత కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలు ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టకుండా హైస్కూలు గ్రేడ్లను బట్టి నేరుగా బదిలీ స్థాయి (యూనివర్సిటీకి మారినా క్రెడిట్ చెల్లే) కోర్సులో కూర్చోబెడుతున్నాయి. హైస్కూలు విద్యార్థులకు సాధారణంగా ట్యూషన్ ఉండదు. ఫ్రీమాంట్ వాళ్లకు ఓలోని కాలేజీ, కూపర్టినో వాళ్లకు డీ ఆంజా పక్కనే ఉన్నాయి కాబట్టి వేసవి రాగానే మనవాళ్లు అటే పరుగెడతారు. ఇందులో ఒక్క జాగ్రత్త ఉంది: ఆ గ్రేడు పిల్లవాడి శాశ్వత కాలేజీ ట్రాన్‌స్క్రిప్టులో చేరుతుంది, తర్వాత ఏ యూనివర్సిటీకి దరఖాస్తు చేసినా చూపించాలి. శాట్ పాడైతే మళ్లీ రాయవచ్చు. పదహారేళ్ల వయసులో ఆరు వారాల వేసవి కోర్సులో తెచ్చుకున్న డి గ్రేడు మాత్రం వెంట వస్తూనే ఉంటుంది. సన్నద్ధత ఉందని వేరే ఆధారం దొరికాక తీసుకోవలసిన కోర్సు ఇది, సన్నద్ధతను తెలుసుకోవడానికి వాడవలసిన సాధనం కాదు.

లెక్కల్లో అసలు ప్రశ్న: కాల్కులస్ కోసమా, కాదా

రాష్ట్ర పరీక్షలో లెక్కల పై అంచె వచ్చిందంటే సాధారణ డిగ్రీకి అవసరమైన గణిత కోర్సుకు, అంటే స్టాటిస్టిక్స్ వంటిదానికి, సిద్ధమని అర్థం. ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, ఫిజిక్స్ చదవబోయేవారు మొదటి సెమిస్టర్‌లోనే కాల్కులస్‌లో కూర్చోవాలి. దానికి కావలసిన సన్నద్ధత ఇంకో మెట్టు పైన ఉంటుంది. మన పిల్లల్లో ఎక్కువమంది అటే వెళ్తారు కాబట్టి ఈ తేడా మనకు మరీ ముఖ్యం.

ఒకటి బై ఎక్స్‌కు ఒకటి బై వై కలిపితే ఎంత అని ప్రీకాల్కులస్‌లో 'ఏ' గ్రేడు తెచ్చుకున్న పిల్లలను, కాగితం, పెన్సిల్ మాత్రమే ఇచ్చి అడిగి చూడండి. "రెండు బై ఎక్స్ ప్లస్ వై" అని టక్కున చెప్పేవాళ్లు కనిపిస్తారు. ఎక్స్‌కు 1, వైకి 1 పెట్టి చూడమంటే ఎడమ పక్క 2, కుడి పక్క 1 వచ్చి తెల్లమొహం వేస్తారు. కాల్కులస్‌లో తప్పేవాళ్లు చాలామంది డెరివేటివ్ దగ్గర కాదు, ఇలాంటి భిన్నాల దగ్గర, ఘాతాంకాల దగ్గర, లాగరిథమ్‌ల దగ్గర తప్పుతారు.

దీన్ని పట్టుకునే కొలమానాలు రెండున్నాయి. మొదటిది సీఎస్‌యూ, యూసీ కలిసి నడిపే మ్యాథమెటిక్స్ డయాగ్నొస్టిక్ టెస్టింగ్ ప్రాజెక్టు. ఆల్జీబ్రా నుంచి కాల్కులస్ సన్నద్ధత వరకూ స్థాయిలవారీగా దాని పరీక్షలున్నాయి; ఏ అంశంలో బలహీనత ఉందో విడివిడిగా చూపిస్తుంది. కాలిఫోర్నియా టీచర్లకు అది ఉచితమే, కానీ తల్లిదండ్రులు నేరుగా తీసుకోలేరు, లెక్కల టీచరును మర్యాదగా అడగాలి. రెండోది అలెక్స్ ప్లేస్‌మెంట్ పరీక్ష. యూసీ అర్వైన్, ఇల్లినాయిస్ అర్బానా-షాంపేన్ వంటి యూనివర్సిటీలు చేరే విద్యార్థులకు దీన్నే పెడతాయి. గరిష్ఠంగా ముప్పై ప్రశ్నలు. చాలావాటికి ఆప్షన్లు ఉండవు, జవాబు తామే రాయాలి. క్యాలిక్యులేటర్ అవసరమైన ప్రశ్నకు మాత్రమే తెర మీద వస్తుంది. హైస్కూల్లో ఉండగా దీన్ని రాసే వీలు అన్నిచోట్లా ఉండదు, అందుకని పదకొండో తరగతి పిల్లలకు మొదటిదే నా సిఫార్సు. ఏసీటీ లెక్కల్లో 22 సన్నద్ధత గీత అంటారు గానీ, కాల్కులస్‌కు దాన్ని ఆధారం చేసుకోవద్దు.

ఎవరికి ఏది

ఇక్కడే పెరిగి, సైన్సు కాని చదువు వైపు వెళ్లేవారికి రాష్ట్ర పరీక్ష, దాంతోపాటు పదో తరగతి పీశాట్ చాలు. ఇంగ్లీషులో పైనుంచి రెండో అంచెలో ఉంటే, పన్నెండో తరగతిలో సీఎస్‌యూ అధ్యాపకులూ హైస్కూలు టీచర్లూ కలిసి రూపొందించిన ఎక్స్‌పోజిటరీ రీడింగ్ అండ్ రైటింగ్ కోర్సు స్కూల్లో ఉందేమో అడగాలి. "అది ఏపీ కాదు కదా" అని తీసిపారేయకండి. వాదన నిర్మించడం అందులో నేర్పినంత ఓపికగా చాలా ఏపీ క్లాసుల్లో నేర్పరు. ఇంజినీరింగ్ వైపు వెళ్లేవారికి ఇంగ్లీషులో రాష్ట్ర పరీక్షో ఏపీ లాంగ్వేజో, లెక్కల్లో తప్పనిసరిగా కాల్కులస్ సన్నద్ధత పరీక్ష ఉండాలి. శాట్ లెక్కల్లో 750 వచ్చినా దీన్ని వదలవద్దు.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో హైస్కూలు మధ్యలో వచ్చిన పిల్లల సంగతి ఇంకోలా ఉంటుంది. స్కూల్లో చేర్చేటప్పుడు ఇంటి భాష తెలుగు అని రాస్తే ఎల్‌పాక్ అనే పరీక్ష పెడతారు. అందులో పాసైతే ఇంగ్లీషు క్లాసులో కూర్చోగలడని అర్థమే తప్ప కాలేజీ వ్యాసం రాయగలడని కాదు. మన దగ్గర లెక్కలు చేత్తో చేయించి చేయించి వదిలిపెడతారు కాబట్టి, ఇంటర్ ఎంపీసీ కొంత చదివి వచ్చినవారికి భిన్నాలూ లాగరిథమ్‌లూ కొట్టిన పిండి. ఇంగ్లీషు మాత్రం ప్రశ్న-జవాబు బట్టీ పట్టి రాసిన అలవాటు. తెలియని వ్యాసం చదివి దానితో విభేదిస్తూ రాయడం చాలామందికి ఇక్కడికి వచ్చాకే మొదటిసారి. వీరికి శాట్ మొత్తం స్కోరు అన్నిటికన్నా మోసకారి. రాష్ట్ర పరీక్షలోని ఇంగ్లీషు అంచెనూ, పైన చెప్పిన ఇంటి వ్యాసాన్నీ ఆధారం చేసుకుని, పన్నెండో తరగతి సమయమంతా రాత మీద పెట్టడం మేలు.

టెక్సాస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్ తెలుగువారికి లెక్క వేరు. అక్కడ కాలేజీ సన్నద్ధతకు టీఎస్‌ఐ (టెక్సాస్ సక్సెస్ ఇనిషియేటివ్) అనే ఒకే చట్రం ఉంది. లెక్కల్లో 950, ఇంగ్లీషులో 945తోపాటు వ్యాసానికి 5 వస్తే సిద్ధమైనట్టు; శాట్ ఇంగ్లీషులో 480, లెక్కల్లో 530 వచ్చినా ఆ పరీక్ష నుంచి మినహాయింపు దొరుకుతుంది. అక్కడ కూడా వ్యాసం ఉన్న దారినే ముందు ప్రయత్నించమంటాను.

ఇక కాలిఫోర్నియాలోని వారు గుర్తుంచుకోవలసిన తేదీ ఒకటుంది. ఇక్కడి హైస్కూళ్లు చాలావరకు ఆగస్టులో తెరుస్తారు, పన్నెండో తరగతి కోర్సు మార్చుకునే గడువు మొదటి రెండు మూడు వారాలకే అయిపోతుంది. అందుకని స్కోరు రిపోర్టు పోర్టల్‌లోకి వచ్చిందో లేదో స్కూలు తెరవకముందే చూసి, ఇంగ్లీషు, లెక్కలు విడివిడిగా ఏ అంచెలో ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకుని, మొదటి వారంలోనే కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి.